దుబాయి టేపుకు నేను వేసిన అతుకులు

“నాలుగు వైర్లు కలిపినందుకు అంత అడుగుతడా వాడు? ఇగ దుకాణం ఎందుకు, రోడ్డు మీద నిలబడి దోసుకుంటే అయిపాయె.”

“నాలుగు గాదే, పన్నెండున్నయ్. కరెంటు పని అది. నోటితోని చేసేది గాదు.”

“నోటితోని చేస్తనని ఎవరన్నరు? చేతులు లేవా నాకు?”

“ఉన్నయ్. పైసలు ముడేసుడు తప్ప ఇంకేమన్న చేసినయా ఆ చేతులు?”

“ముడేసినందుకే నీ వ్యాను వచ్చింది. నువ్వు పంపినయి పంపినట్టు ఖర్సు పెడితే ఇయ్యాల నువ్వు కూసునేది వ్యాన్ల గాదు, అరుగు మీద.”

“సరే, ఇను. రేపు సారు వాళ్ల కిరాయి. టేపు మంచిగ పాడాలె. పాడకపోతే బడి పిల్లల బండి మనకు రాదు. అది రాకపోతే నేను పాస్‌పోర్టు పట్టుకొని ఏజెంటు దగ్గరికి పోత, మళ్ల దుబాయి. ఇగ నీ ఇష్టం.”

“పో. ఎవరు ఆపిన్రు?”

ఆఖరి మాట నాదే. మనసులోంచి వచ్చింది కాదు, కానీ నా నోరు మనసును అడిగి మాట్లాడిన రోజంటూ లేదు. ఆ రోజుల్లో మా సిద్దిపేటలో దుబాయి నుంచి తిరిగొచ్చిన మగవాడిని గుర్తుపట్టడం సులువు. సొంత ఇంట్లో చుట్టంలాగా కూర్చునేవాడు, ఉప్పు డబ్బా ఎక్కడుందో భార్యను అడిగేవాడు. మా ఆయన పదకొండేళ్లు అక్కడ ఉండి వచ్చాడు. ఆ పదకొండేళ్లూ మేము చేసిన కాపురమంతా ఫోనులోనే. ఫోనులో కొట్లాడితే నిమిషాలు దండగ అని (ఆ తెలివి నాదే) తిన్నవా, బిడ్డ మంచిగుందా, పైసలు ముట్టినయా అనే మూడు ముక్కలతో సరిపెట్టుకునేవాళ్లం. మిగతా ఆలుమగలు రోజుకింత కొట్లాడి తేల్చుకునేవాటిని మేము ఇద్దరం చెరో దేశంలో దాచిపెట్టుకున్నాం. ఆయన వచ్చి సామాను దించిన మూడో రోజు నుంచి అవన్నీ ఒక్కొక్కటే బయటికి తీశాం. అప్పుడు నాకు ముప్పై ఏడేళ్లు. ఇప్పుడు నా మనుమరాలు “అమ్మమ్మా, అప్పుడు నువ్వు యంగ్ గదా” అంటుంది. ఏమో, పుట్టిన రోజు నుంచి అరవై ఏళ్ల మనిషిగానే బతికినట్టు నాకు గుర్తు.

దుబాయి సంపాదనతో ఆయన ఒక పాత వ్యాను కొన్నాడు. కిరాయికి తిప్పుకుంటూ ఇక్కడే ఉంటానన్నాడు. ఆ మాట విని నేను పైకి “చూద్దాం” అన్నాను గానీ, ఆ రోజు మగ్గం మీద మూరెడు ఎక్కువ నేశాను. తీరా వ్యాను తెచ్చి బస్టాండు పక్కన అడ్డాలో పెడితే తెలిసింది, కిరాయికి వచ్చేవాళ్లు ఇంజను ఎలా ఉందని అడగరు, బ్రేకులు పడతాయా అని అడగరు, “టేపు ఉందా” అని అడుగుతారు. మా వ్యానులోనూ టేపు ఉంది. అయితే అది క్యాసెట్లు మింగడం నేర్చి పాడటం మరిచిపోయింది. ఎప్పుడైనా బుద్ధి పుట్టి పాడినా, పాడే మనిషిని బావిలోకి దించి పైన మూత వేసినట్టు ఉండేది. పెళ్లివాళ్లు తల లోపల పెట్టి ఒక్క చరణం విని, వెనక ఉన్న వ్యాను దగ్గరికి పోయేవాళ్లు. మంచి టేపు మా ఇంట్లో లేక కాదు. ఆయన దుబాయిలో ఒక ఇంటివాళ్ల కారు నడిపేవాడు. ఆ కారులో ఉన్నలాంటిదే, సీడీలు పాడే టేపు ఒకటి, ఎప్పటికైనా సొంత బండిలో పెట్టుకుంటానని కొనుక్కొని, కంబలిలో చుట్టి పెట్టెలో తెచ్చుకున్నాడు. బిడ్డకు తెచ్చిన బొమ్మకు కూడా అంత కంబలి దక్కలేదు.

అప్పుడే చాక్‌పీసు సారు మా ఇంటికి వచ్చాడు. ఆయన మా దగ్గర ఒక చిన్న బడి నడిపేవాడు. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చాక్‌పీసు ముక్క ఉండేది కాబట్టి వాడకట్టంతా ఆయనకు అదే పేరు. మనుమరాలికి వర్గల్ సరస్వతమ్మ గుడిలో అక్షరాభ్యాసం చేయించాలి, వ్యాను కావాలి అన్నాడు. “నువ్వు ఎట్ల నడుపుతవో గూడ చూసినట్టయితది. మంచిగుంటే బడులు తెరిచినంక పిల్లల్ని తెచ్చుడు, దింపుడు నీకే అప్పజెప్త” అన్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, “మా అవ్వకు బండెక్కితే కక్కుడు. దేవుని పాటలు చెవుల పడుతుంటే మాత్రం ఏం గాదు. టేపు మంచిగ ఉన్నది గదా?” అన్నాడు. మా ఆయన ఛాతీ ముందుకు పెట్టి “దుబాయి టేపు, సారు” అన్నాడు. ఆ దుబాయి టేపు అప్పటికి ఇంకా కంబలిలోనే నిద్రపోతున్నది.

మరునాడు పొద్దున టేపుల దుకాణానికి ఇద్దరం కలిసి పోయాం (ఆయన ఒక్కడే పోతే వాళ్లు అడిగినంత ఇచ్చి వస్తాడు). దుకాణపాయన టేపును అటూ ఇటూ తిప్పి, బిగించడానికి ఇంత అవుతుందన్నాడు. ఆ ఇంతలో మాకు పది రోజుల కూరగాయలు వస్తాయి. ఎందుకంత అని అడిగితే, “అక్కా, అది నేర్చుకోనీకి నాకు రెండేండ్లు పట్టింది. ఏ రంగు వైరు ఏ రంగుకు పోతదో తెల్వాలె” అన్నాడు. వాడు ఆ మాట అనకుండా ఉండవలసింది. రంగు చూసి రంగుకు కలిపే పనికి రెండేళ్లు చదువుకునేవాడు మా నేతవాళ్లలో పుట్టి ఉంటే ఆకలికి చచ్చేవాడు. ఆయన చెయ్యి పట్టుకొని ఇంటికి తీసుకొచ్చాను. పైన రాసిన కొట్లాట అప్పటిది. నేను “పో” అన్నాక ఆయన వ్యాను తాళంచెవి మేకుకు తగిలించాడు. “నీ ముడి నువ్వే భద్రంగ పెట్టుకో. నారాయణరావుపేటకు పోయి మా అక్కనడిగి తెస్త. పొద్దుగూకేయాల్లకు వచ్చి టేపు పెట్టిస్త” అని బస్సెక్కాడు.

ఆ అక్క అంటే మా ఆడబిడ్డ. ఆమె చేతికి మా ఇంటి అవసరం ఒకటి దొరికితే చాలు, పెళ్లిళ్లకూ దినాలకూ తీసుకుపోయి అందరికీ చూపిస్తుంది. ఆయన వచ్చేలోగా టేపు వ్యానులో పాడుతూ ఉండాలి అనుకున్నాను. ఆయన ఇక్కడే ఉండాలి అన్నది దానికంటే పెద్ద కోరికే గానీ, అది నాకు నేను కూడా చెప్పుకునేదాన్ని కాదు.

మేము నేతగాళ్లం. మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగులన్నీ పీకి పారేయం. జానెడు మిగిల్చి, ఆ కొసలకు కొత్త పోగులను ఒక్కొక్కటే అతుకుతాం. వేళ్లకు ఇంత బూడిద అద్దుకొని రెండు కొసలను కలిపి మెలితిప్పితే సరి, ముడి కూడా పడదు. ఎరుపుకు ఎరుపు, పసుపుకు పసుపు. చీరకు వేల పోగులు. మూడో తరగతిలో ఉండగా మా అమ్మ నన్ను బడి మాన్పించింది ఈ పనికే. చిన్న వేళ్లయితే చకచకా ఆడతాయని. అలా అతికీ అతికీ చిటికెన వేలు వంకరపోయిన దాన్ని, పన్నెండు వైర్లకు ఒకడికి డబ్బులిచ్చి అతికించుకుంటానా?

మధ్యాహ్నం గంజి తాగి వ్యానులో కూర్చున్నాను. ముందు టేపు చుట్టూ ఉన్న పలకను, మగ్గం దగ్గర పోగులు లాగే సన్నటి ఇనుప కొక్కెంతో ఊడదీశాను. మరలు తిప్పడానికి కూరగాయల కత్తి కొస పనికొచ్చింది (కొస విరిగింది. ఆ సంగతి రెండు నెలల దాకా ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు). పాత టేపును బయటికి లాగితే, అది ఇన్నేళ్లుగా మింగిన పాటల రిబ్బను పేగుల్లాగా వెంట వచ్చింది. దాని వైర్లను జానెడు మిగిల్చి కోశాను. దుబాయి టేపు వైర్ల చివర ఒక తెల్లటి ప్లాస్టిక్కు ముక్క ఉంది. మా బండికి అది పట్టలేదు కాబట్టి దాన్నీ కోసేశాను. తొక్కలు పళ్లతో ఒలిచాను. పొయ్యిలో నుంచి గుప్పెడు బూడిద తెచ్చి పక్కన పెట్టుకున్నాను. అక్కడిదాకా పని పండుగలా సాగింది. ఎరుపుకు ఎరుపు దొరికింది, నలుపుకు నలుపు దొరికింది, ఏడు జతలు కుదిరాయి. మిగిలిన ఐదు రంగులకు అటువైపు జోడీ లేదు. అంచులో ఒక రంగు పోగు తక్కువ పడితే దానికి దగ్గరి రంగు వేయమా, అలాగే ఊదాకు నీలం, బూడిదరంగుకు తెలుపు ఇచ్చి పెళ్లిళ్లు చేశాను. అతుకులన్నీ ఒక్క వరసలో, ఒకదాని పక్కన ఒకటి, దువ్వినట్టు పెట్టాను. అంత చక్కటి అతుకులు మా అమ్మ చూస్తే మొట్టమొదటిసారి మెచ్చుకునేదేమో. అతికిన పోగు మీద ఏమీ చుట్టం కదా, నేనూ ఏమీ చుట్టలేదు.

అప్పుడు పసుపు వైరు కొస ఎక్కడో ఇనుముకు తగిలి చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది. తాళంచెవి తిప్పితే టేపులో దీపం లేదు, దమ్ము లేదు. నాకు భయం వేయలేదు. పదకొండేళ్లు మగదిక్కు లేని ఇంట్లో మీటరు దగ్గర ఫ్యూజు వేసుకున్నది నేనే. స్టీరింగు కింద చెయ్యి పెట్టి వెతికితే చిన్న పెట్టె దొరికింది, అందులో గోరంత బిళ్లలు. ఒక బిళ్లలో సన్నటి తీగ తెగి ఉంది. దాన్ని వెలుతురుకు పట్టుకొని చూసి నాకు నవ్వొచ్చింది. ఇంత సన్నటి తీగ పెడితే తెగక ఏం చేస్తుంది? నేతగాడి కళ్లకు తెగే పోగంత పనికిరానిది ఇంకొకటి ఉండదు. తెగిన చోటల్లా మగ్గం ఆగుతుంది, ఆగిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. తెగడం కోసమే ఒక తీగను పెడతారనీ, అది తెగడమే దాని కొలువనీ నాకెవరు చెప్పారు? మిగిలిన వైరు తొక్క తీసి, రాగిపోగులు రెండు పేటలు కాదు, నాలుగు పేటలు పేని ఆ బిళ్లకు చుట్టాను. ఇక ఈ జన్మలో తెగకూడదు అనుకున్నాను. (ఈ ముక్క రాస్తుంటే మా ఆయన వెనక నుంచి తొంగి చూసి “ఫ్యూజు సంగతి గూడ రాస్తున్నవా” అన్నాడు. రాస్తున్నాను.)

తాళంచెవి తిప్పగానే టేపులో నీలంరంగు దీపం వెలిగింది. సీడీ పెడితే దేవుడి పాట, పాడే మనిషి బావిలోంచి పైకి వచ్చి నా పక్కనే కూర్చున్నంత స్పష్టంగా. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. నేను ఎవరినీ చూడనట్టు పలక బిగించి, బూడిద చేతులు కడుక్కున్నాను.

ఆయన సాయంత్రం బస్సు దిగి, ఆడబిడ్డ ఇచ్చిన నోట్లు చేతిలో మడిచి పట్టుకొని వచ్చేసరికి వ్యాను పాడుతున్నది. గుమ్మం దాకా వచ్చినవాడు వెనక్కి తిరిగి వ్యాను దగ్గరికి పోయాడు. చాలాసేపు నీలం దీపం వంక చూస్తూ నిలబడ్డాడు.

“ఎవరు పెట్టిన్రు?”

“దయ్యం పెట్టింది. ఇంకెవరు పెడతరు?”

“అన్నీ నువ్వే కలిపినవా?”

“అతికిన. కలిపేటోళ్లు దుకాణంల ఉంటరు.”

ఆయన నవ్వాడు. దుబాయి నుంచి వచ్చాక నేను చూసిన మొదటి నవ్వు అదే, ఎందుకంటే అప్పటిదాకా నేను నవ్వే సందు ఇవ్వలేదు. లోపల కూర్చొని తలుపు తీసి “రా, కూసో” అన్నాడు. మా ఆయన పక్కన ముందు సీటులో కూర్చోవడం నాకు అదే మొదలు. వ్యాను కదలలేదు, ఇంటి ముందే ఉంది. అయినా ఎక్కడికో పోతున్నట్టే ఉంది. “అక్కడ వాళ్ల కారుల పాటలొస్తుంటే, ఎనుక కూసున్నోళ్ల కోసం నడుపుతున్న అనుకునేటోన్ని. ఎన్నడన్న నా కోసం నేను నడుపుకుంటనా అనిపించేది” అన్నాడు. నేను పలక మీద అంటిన బూడిద తుడిచాను. అలాంటి మాటలకు బదులు చెప్పడం నాకు రాదు. కాసేపటికి ఆయనే, “అక్క పైసలు రేపే వాపస్ ఇద్దం. పాస్‌పోర్టు తీసి పెట్టె అడుక్కు పెట్టు, మీద మీద ఎందుకు” అన్నాడు. నేను వెంటనే లేవబోయాను, ఆ పని చేసి రావడానికి.

“ఆగు. అతుకుల మీద నల్ల టేపు సుట్టినవా?”

చుట్టాలని నాకు అప్పుడే తెలిసింది. చుట్టలేదు అంటే మళ్లీ పలక ఊడదీయాలి, మళ్లీ దుకాణం, ఆ నవ్వు మళ్లీ పోతుంది. “ఆ, సుట్టిన” అన్నాను. బతుకులో నేను పెద్దగా అబద్ధాలు ఆడలేదు. ఆడటానికి తీరిక లేక. ఆ ఒక్కటీ మాత్రం తడుముకోకుండా వచ్చింది.

తెల్లవారి వర్గల్ ప్రయాణం. సారు ముందు కూర్చున్నాడు. మధ్య సీటులో సారు భార్య, బిడ్డ, ఒళ్లో పట్టు లంగా కట్టుకున్న మనుమరాలు, కిటికీ పక్కన సారును కన్న అవ్వ. వెనక పూలూ పలకా పండ్లూ ఉన్న బుట్టల మధ్య నేను. “నువ్వు గూడ రా, దేవుని దర్శనమైతది” అని మా ఆయనే ఎక్కించాడు. హైదరాబాదు రోడ్డు మీద వ్యాను నున్నగా పోతున్నది, టేపు పాడుతున్నది. అవ్వ మోకాలి మీద తాళం వేస్తూ, “ఇంత దూరం వచ్చినం, కడుపుల ఏం కదలలే బిడ్డా. ఏం టేపు ఇది?” అని అడిగింది. “దుబాయిది, అవ్వా” అన్నాడు మా ఆయన. “దుబాయోళ్లు గూడ మన దేవుని పాటలు ఇంటరా” అని ఆమె ఆశ్చర్యపోయింది. ప్రజ్ఞాపూర్ దగ్గర చాయ్ తాగేటప్పుడు సారు, “ఇరవై మంది పిల్లలుంటరు. పొద్దున ఏడున్నరకల్లా రావాలె. అయితదా?” అన్నాడు. మా ఆయన గ్లాసు కింద పెట్టి “అయితది సారు” అన్నాడు. నాకేసి చూశాడు. నేను బుట్టలోని పూలు సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. నాకు నవ్వు వస్తే ఎవరైనా చూస్తారేమోనని అప్పట్లో భయంగా ఉండేది.

పెద్ద రోడ్డు దిగి వర్గల్ వైపు తిరిగాక గుంతలు మొదలయ్యాయి. మొదటి గుంతకు పాట ఆగింది, రెండో గుంతకు మళ్లీ వచ్చింది. మూడో గుంతకు పోయి ఇక రాలేదు. మగ్గం మీద పోగులు ఒకదానికొకటి తగిలితే ఏమవుతుంది? ఏమీ కాదు, అవి తగులుతూనే ఉంటాయి. వైర్లు అలా కాదని నాకు ముక్కుతో తెలిసింది. “ఎవరో అగరుబత్తి ముట్టిచ్చిన్రు. మంచి రకం గాదు” అంది అవ్వ. తర్వాత టేపు చుట్టూ ఉన్న సందులోంచి పొగ సన్నగా వచ్చింది, మరి కాసేపటికి సన్నగా లేదు. మా ఆయన వ్యాను పక్కకు తీసి ఆపి, పాపను ఎత్తి సారు చేతికిచ్చి, “దిగుండ్రి, దిగుండ్రి” అంటూ అందరినీ దింపాడు. తను మాత్రం లోపలికి దూరి, సీటు కింద బ్యాటరీ వైరు ఒట్టి చేత్తో పట్టుకొని పీకాడు. కమిలిపోయిన అరచేతిని చొక్కాలో దాచుకుంటూ బయటికి వచ్చాడు. పాట ఆగిపోయింది కదా, అవ్వ అప్పటిదాకా ఆపుకున్నదంతా సారు తెల్ల చొక్కా మీద చాక్‌పీసు జేబు దగ్గర కక్కుకుంది. నాకు తెలిసి ఆ రోజు ఇచ్చిన మాట తప్పనిది ఆమె ఒక్కతే.

పొగ తగ్గాక సారే ముందుకు వచ్చి పలక తీయించాడు. నా అతుకులన్నీ అక్కడే ఉన్నాయి, వరసలో, ఒకదానికొకటి కరుచుకొని, తొక్కలు కరిగి నల్లగా. దుబాయి టేపు వెనక భాగం పెనం మీద పెట్టినట్టు ఉబ్బి ఉంది. సారు ఒకప్పుడు సైన్సు చెప్పేవాడట. వంగి స్టీరింగు కింద పెట్టెలోంచి ఆ బిళ్లను రెండు వేళ్లతో తీశాడు. దాని చుట్టూ నాలుగు పేటల రాగి, కండెకు చుట్టినట్టు ఎంతో పొందికగా ఉంది. అంత వేడికి కూడా తెగలేదు.

“ఇది ఎవరు కట్టిన్రు?” అన్నాడు సారు. గొంతు పెంచలేదు.

మా ఆయన ఆ బిళ్లను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చుట్టు ఎవరి చేతిదో గుర్తుపట్టడానికి ఆయనకు సైన్సు అక్కర్లేదు. నేను చెప్పాలనే నోరు తెరిచాను. ఎన్నడూ ఆగని నోరు, ఎవరూ అడగకపోయినా మాట్లాడే నోరు, అప్పుడు మాత్రం పెదవుల దాకా వచ్చి నిలబడింది.

“నేనే సారు” అన్నాడు ఆయన.

సారు బిళ్లను సీటు మీద పెట్టాడు. “దుబాయిల పదకొండేండ్లు బండి నడిపినన్నవ్. గింత తెల్వదా నీకు? లోపల ఇరవై మంది పిల్లలుంటే ఏమైతుండె? ఇగ వాళ్లను నీకెట్ల అప్పజెప్పాలె?” అన్నాడు. మనుమరాలు తల్లి చంకలో నుంచి “తాతా, పాట?” అని అడిగింది. దారిన పోయే ఆటోను ఆపి వాళ్లు వర్గల్ పోయారు. బుట్టలు నేనే అందించాను. పాప రాసే పలక ఒక్కటి వ్యానులో మరిచిపోతే పరుగెత్తి ఇచ్చొచ్చాను. సారు దాన్ని తీసుకొని “మంచిదమ్మా” అన్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సందు దొరకదు. ఆటో పోయేదాకా నిలబడి, వెనక్కి వచ్చాను.

మెకానిక్కును తెచ్చి వ్యానును కదిలించేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటికి వచ్చేదాకా ఆయన తిడతాడని ఎదురుచూశాను. తిడితే నా దగ్గర జవాబులు ఉన్నాయి. దుకాణంవాడు అంత అడగకుండా ఉండాల్సింది, రోడ్డు మంచిగా ఉండాల్సింది, బిళ్లలో తీగ సన్నగా ఎందుకు పెట్టారు, ఇలాంటివి దారి పొడవునా వరసగా పెట్టుకున్నాను. ఒక్కటీ అవసరం పడలేదు. ఇంటికి వచ్చాక ఆయన చేతికి వెన్న రాసుకున్నాడు, అన్నం తిన్నాడు, మెతుకు మిగల్చలేదు. పదకొండేళ్లు దాచుకున్న కొట్లాటలు రోజుకొకటి తీస్తూ వచ్చినవాళ్లం, ఆ ఒక్క రోజు మా ఇంట్లో చప్పుడు లేదు. నేనే ఉండబట్టలేక, “సారుకు ఎందుకట్ల చెప్పినవ్?” అన్నాను. “ఇంకేం చెప్పాలె? నా పెండ్లాం కట్టిందని చెప్పాల్నా?” అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉంటే బతికిపోయేదాన్ని.

నేను ఇప్పుడు మనుమరాళ్ల చేతిగాజులు కూడా లెక్కపెట్టి దాచే ముసలిదాన్ని. ఆదా చేయడం తప్పని ఇప్పటికీ అనను, ఎవరైనా అంటే ఊరుకోను. కానీ ఆ ముప్పై ఏడేళ్ల మనిషి మరునాడు పొద్దున గుమ్మంలో ఎలా నిలబడిందో తలుచుకుంటే మాత్రం, పక్కన కూర్చోబెట్టుకొని తల మీద ఒక్క మొట్టికాయ వేసి, ఆ తర్వాత ఇంత చాయ్ పోయాలని అనిపిస్తుంది. నవ్వు కూడా వస్తుంది. ఇప్పుడు ఎవరు చూసినా భయం లేదు.

మరునాడు పొద్దున ఆయన గడ్డం గీసుకున్నాడు. పెట్టె అడుగున నేను పెట్టిన పాస్‌పోర్టు తనే వెతికి తీసుకొని, కమిలిన చెయ్యి కాకుండా రెండో చేత్తో జేబులో పెట్టుకున్నాడు. “హైదరాబాదు పోయి ఏజెంటుకు ఇచ్చొస్త” అన్నాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. తప్పు నాదని చెప్పాలి, పోవద్దని చెప్పాలి, రెండూ గొంతులోనే ఉన్నాయి. ఆయన చెప్పులు వేసుకొని నేను ఏదో అంటానని ఒక్క క్షణం ఆగాడు.

“బస్టాండు దాకా ఆటో ఎక్కకు” అన్నాను. “దగ్గర్నే గదా.”

ఆయన తలూపాడు. నడుచుకుంటూనే పోయాడు.